ఆకు రాలేదాకా

ఏప్రిల్ చివర, చిగురేసిన చెట్ల మీద
తడిమంచు దిగింది, వేళ తప్పిన చుట్టంలా.
ఆ రాత్రి అర్స్‌లాన్‌బాబ్ లోయలో ఎవరికీ కునుకు లేదట.
కొమ్మలు తుపాకుల్లా పేలాయట.

నేను మూడో రోజు వచ్చాను,
అటవీశాఖ గుర్రం మీద,
చెక్క సుత్తి, కొలతాడు, ఎర్రరంగు డబ్బాతో.
తుర్సునాయ్ టీ పోసింది.
ముందు ఆ డబ్బా గుమ్మం బయట పెట్టమంది.

అక్రోటు చెట్టు. నలుగురు చేతులు చాస్తే గాని అందదు.
రెండు మానులుగా విడే చోట పగిలింది,
నా మోచెయ్యి దాకా పట్టే పగులు.
ఒక సగం కొండవైపు.
ఒక సగం ఆమె తందూరు మీదికి,
పక్కనే మనవడు పడుకునే మంచం మీదికి.

సుత్తితో కొడుతూ చుట్టూ తిరిగాను.
ఠక్కు. ఠక్కు. ఠక్కు.
డొబ్బు.
"గుల్లా?"
"గుల్లే. ఎంత లోతో తెలీదు."
"నా పళ్ళూ అంతే. రొట్టె నమలడం లేదూ?"

మొదట్లోని బుడిపె కోసం నిన్న ఒకడొచ్చాడట,
కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ.
ఎలాగూ పోయే చెట్టేగా అన్నాడట.
ఎంతిస్తానన్నాడో ఆమె చెప్పలేదు.
పిల్లాడి చిరుగు బూట్ల వైపు మాత్రం ఒకసారి చూసింది.

నా కాగితంలో రెండే గళ్ళు:
ఉంచాలి. కొట్టాలి.
చాలాసేపు పెన్సిలు నములుతూ కూర్చున్నాను.

పాత టైరు ముక్కలు పరిచి, ట్రాక్టరు గొలుసుతో
రెండు మానులకూ నడుం కట్టాం, అల్లుడు బఖ్రోమూ నేనూ.
పొయ్యివైపు బరువు మూడో వంతు దించాం.
కొమ్మ నేలకు తగిలినప్పుడల్లా
ఆమె కాయల్లో లెక్కపెట్టింది:
"అర బస్తా. అర బస్తా. ఇది బస్తా."

మంచం జరపమన్నాను, జరిపారు.
పొయ్యి జరపమన్నాను.
మట్టిపొయ్యి ఎక్కడికి జరుగుతుంది?
రొట్టెలు అంటించేటప్పుడు పైకి చూస్తుంటాలే, అంది.

గళ్ళ పక్కన ఖాళీలో రాశాను:
ఆకు రాలేదాకా గడువు.
పగులులో సరిగ్గా బిగిసేలా ఒక పుల్ల విరిచి
పిల్లాడి చేతిలో పెట్టాను.
"రోజూ పెట్టి చూడు. వదులైతే పరుగెత్తుకు రా."
వాడు దాన్ని చెవి వెనక దోపుకున్నాడు, వడ్రంగిలా.

ఈ రాత్రి గాలి లేచింది.
రంగు డబ్బా మూత తియ్యకుండానే అటక మీద ఉంది.
మా ఆవిడ దీపం ఆర్పమంటోంది.
ఇంకాసేపు, అంటున్నాను,
చెవి వాకిట్లో ఉంచి,
చిరుగు బూట్ల చప్పుడు కోసం.