కొలత నీళ్లు

పొద్దున్నే లేచి రెండు మోటార్లు చూసుకుంటాను.
ఒకటి పెరట్లో బోరుది,
మూడుసార్లు నొక్కితే ఒకసారి పలుకుతుంది.
రెండోది నా ఎడమ చేతిలో,
మణికట్టు పైన రెండు నరాలు కలిపి డాక్టరు కుట్టినది.
చెవి దగ్గర పెట్టుకుంటే
జుమ్మని సన్నగా తిరుగుతూ ఉంటుంది.
రెండూ నడిస్తే ఆ రోజుకి బెంగ లేదు.

రోహిణి కార్తె.
కవిటి తోటల్లో కొబ్బరాకు కూడా కదలడం లేదు.
సముద్రం అల్లంత దూరం, దాని ఉప్పు మాత్రం
గడప మీద, మెడ మీద, దండెం మీది తువ్వాలు మీద.
ఆరేసిన బట్ట ఆరదు. పట్టిన చెమట పోదు.
ఎవరో కాల్చిన జీడిపిక్కల పొగ
ఎటు పోవాలో తెలీక మా మిరపమడి మీదే కూర్చుంది.

నాకు రోజుకి లీటరు.
టీ, మజ్జిగ, చారు, మాత్రలకి గుక్క, అన్నీ అందులోనే.
గూట్లో నోటుబుక్కు పెట్టి దాలమ్మ రాస్తుంది.
ముప్పై ఏళ్లు చెట్టెక్కి ఊరందరికీ బొండాలు దింపినవాణ్ణి,
ఇప్పుడు బొండం వైపు చూస్తే చాలు
పక్కింటి సస్మిత కేకేస్తుంది:
"మామా, పొటాషియం!"
నాలుగో తరగతి పిల్ల.

బీరకి రెండు చెంబులు, దొండకి ఒకటి,
వంగమొక్కలకి తలా ఓ దోసెడు.
ఎండెక్కకముందే పొయ్యాలి, మొదట్లోనే పొయ్యాలి,
ఆకు మీద పడితే ఈ ఉక్కకి మధ్యాహ్నానికే బూజు.
ఎడమచేత్తో బరువెత్తకూడదు గనక
కుడిచేత్తోనే తోడి, కుడిచేత్తోనే పోసి,
పాదు గుటకేసిన చప్పుడు వింటాను.
వినడానికి కొలత లేదు కదా.

టమాటాలు నా పెంపకమే, నాకు పనికిరావు.
తోటకూరా అంతే.
బుట్టలో వేసి వీధిలోకి పంపేస్తాను.
"నువ్వు తినేది లేదు, ఎందుకురా ఈ యాతన?"
అని లోకనాథం అడిగాడు.
"లోపల సినిమా చూడకుండా
గేటు దగ్గర పదేళ్లు టికెట్లు చింపలేదేటి నువ్వు?"

ఒకటి చెప్పాలి. చెమట నాకు చుట్టం.
ఎంత పడితే అంత ఒంట్లోంచి పోయినట్టే అని నర్సు అంది.
అందుకే లుంగీ ఒంటికి అతుక్కునేదాకా కలుపు తీస్తాను.
ఊరంతా తిట్టే ఉక్కని
నేనొక్కణ్ణే వంగి వంగి సంపాదించుకుంటాను.

సోమ, బుధ, శుక్రవారాలు సోంపేట.
నాలుగ్గంటలు మిషను పక్కన పడుకుని
పైకప్పు మీద మొక్కలు లెక్కపెడతాను.
ఆ రోజుల్లో నీళ్ల పని సస్మితది.
పిల్లకి ప్రేమ ఎక్కువ.
మొన్న మిరపకి బకెట్లకి బకెట్లు గుమ్మరించింది.
నేనొచ్చేసరికి ఆకులన్నీ వేలాడుతున్నాయి.
"ఎండకి వాడిపోనాయి మామా, ఇంకొంచెం పొయ్యనా?"

వద్దమ్మా.
ఎండిన మొక్కా అలాగే వాలుతుంది,
మునిగిన మొక్కా అలాగే వాలుతుంది.
నీళ్ల మధ్య కూర్చుని దాహంతో చచ్చే రోగం ఒకటుంది,
దాని సంగతి నాకు తెలుసు.

పాదు గట్టు తెంపి, మట్టి గుల్ల చేసి, ఇసక కలిపి
రెండ్రోజులు ఒక్క చుక్క ఇవ్వలేదు.
పిల్ల నన్ను రాక్షసుణ్ణి చూసినట్టు చూసింది.

ఈ సాయంత్రం కరెంటు లేదు.
బీరపూలు విచ్చుకున్నాయి,
అరుగు మీంచి లెక్కపెడితే పదకొండు.
దాలమ్మ నా కాళ్ల దగ్గర కూర్చుని
చీలమండ మీద బొటనవేలు నొక్కి, తీసి,
పడిన గుంట నిండేదాకా చూసింది.
ఏమీ అనలేదు.
లేచి వెళ్లి అదే వేలు
మిరపపాదులో కణుపుదాకా దించి,
పైకి తీసి, చీరకి తుడుచుకుని,
"ఈయేలొద్దు," అంది. "రేపు సూద్దాం."

ఇద్దరిలో ఎవరికో నేనడగలేదు.
సీసాలో ఇంకా మూడు గుక్కలున్నాయి.
మూత బిగించి పక్కన పెట్టాను.