లేని బ్యాండుకి మూడో ఆల్బం

డునెడిన్‌లో బుధవారం, రాత్రి పదిన్నర.
వాన కిటికీకి అడ్డంగా కొడుతోంది,
ఈ ఊళ్ళో వానకి నిటారుగా పడటం చేతకాదు.
అటు గదిలో ఇయోనా, మైకు, చల్లారిన టీ.
ఇటు చీపుర్లూ బకెట్లూ పెట్టే గదిలో నేను,
ఫోనుకి ఉన్ని మేజోడు తొడిగి
గొంతుకి డెబ్భై ఏళ్ళు తొడుక్కుని.

"లైన్లో ఎవరండీ?"
"వెట్ లాంతర్న్స్‌లో డ్రమ్ములు వాయించేవాణ్ణి."

అలాంటి బ్యాండు లేదు.
సోమవారం చేపముక్కలు తింటూ
నూనె మరకల పొట్లం కాగితం మీద పుట్టించాం:
మూడు ఆల్బములు, ఒక విడాకులు,
ఓమరూ దారిలో తగలబడ్డ వ్యాను.
పాటంటారా, ఏడు సెకన్లు,
నా పాత కీబోర్డూ, బకెట్ మీద గరిటా.

మా గురి ఎవరో మాకు తెలుసు.
రికార్డుని పసిబిడ్డలా అంచులు పట్టి ఎత్తేవాళ్ళు,
రెండో ముద్రణ అంటే మూతి విరిచేవాళ్ళు,
"తొలి ఆల్బం విన్నావా?" అని అడిగి
జవాబుకి ఆగనివాళ్ళు.
పెద్ద పెద్ద చెవులు.
పువ్వులకి బోలెడంత చోటు.

పదకొండయ్యేసరికి ఆరు లైన్లూ వెలిగాయి.
మూడోది రెండోదాని కాలిగోటికి చాలదన్నాడొకడు.
ఇన్వర్‌కార్గిల్ నుంచి ఒకావిడ
బాసిస్టు మారాక వినడం మానేసిందట.
మేం బాసిస్టుని మార్చలేదు.
అసలు పెట్టడమే మర్చిపోయాం.
ఆలూ చూలూ లేని సోమలింగానికి
గంటలో పదకొండు మంది అభిమానులు,
వాళ్ళలో ఇద్దరికి అప్పుడే మాటల్లేవు.
నవ్వు బయటికి పొక్కకుండా
తుడుపుకర్ర పిడి కొరికాను.

అప్పుడొచ్చాడు పోర్ట్ చామర్స్ నుంచి
మర్డో టల్లక్.
మెల్లని గొంతు, వెనకాల కెటిల్ ఈల.
"మీ బ్యాండు పేరు నేనెప్పుడూ వినలేదు, క్షమించాలి.
నేనూ డ్రమ్ములే వాయించేవాణ్ణి.
రెండొందల కాపీలు వేశాం,
నూట అరవై ఇంకా గరాజులోనే ఉన్నాయి.
ఒక్కటే అడుగుదామని.
చలికాలం మీ వేళ్ళు కూడా బిగుసుకుంటున్నాయా?"

రేడియోలో నిశ్శబ్దం చాలా పొడుగ్గా ఉంటుంది.
అద్దం అవతల ఇయోనా నా వైపు చూసింది.
కాగితంలో దీనికి జవాబు రాసుకోలేదు.

"బిగుసుకుంటున్నాయి," అన్నాను.

"గోరువెచ్చటి నీళ్ళు, గుప్పెడు ఉప్పు.
పడుకునే ముందు పది నిమిషాలు."
పెట్టేశాడు.
ఆ తర్వాత రావలసిన జోకు రాలేదు,
ఇయోనా ఏదో పాట వేసింది, నిజమైనదే.

ఇంటికెళ్ళి గిన్నెలో నీళ్ళు కాచాను.
ఇరవై ఆరేళ్ళ చేతులు,
ఏ నొప్పీ లేని చేతులు,
మణికట్టు దాకా ముంచి కూర్చున్నాను.
పది నిమిషాలన్నాడు కదా.
నీళ్ళు చల్లారాయి, లేవలేదు.

శనివారం జార్జ్ స్ట్రీట్ రికార్డుల కొట్లో
గుండుసూదితో గుచ్చిన చీటీ:
వెట్ లాంతర్న్స్ తొలి ఆల్బం కావలెను,
ధర ఎంతైనా ఫరవాలేదు.
దాని కింద
వేరే దస్తూరీలో, పెన్సిలుతో:

నా దగ్గరుంది. అమ్మను.