ముక్కోణపు ముక్క

ఈ ఇంట్లో నాకు మొదట దొరికిన కూడు
వెండికాగితంలో చుట్టిన ముక్కోణపు ముక్క.
ఎర్రదారం కొస పట్టుకు లాగితే చాలు
చొక్కా విప్పేసుకునేది.

కువైట్, రుమైతియా, మూడంతస్తుల ఇల్లు.
గంగాళమంత గిన్నెలో మజ్బూస్,
బియ్యం మీద కోడి, బియ్యం కింద కోడి.
"మాంసం వద్దా? పోనీ చేప?" అంది మామా.
చేప అసలే వద్దు.
తొంభై ఆరు తుఫాను వెళ్ళిన వారానికి
కాలవలో పట్టిన చేపల్ని
మా నాన్న మళ్ళీ కాలవలోనే పోసేశాడు.
ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు.
ఇదంతా అరబీలో చెప్పడం నాకేం వచ్చు?
"లా" అన్నాను. అంతే.

అలా పదకొండేళ్ళు
ఖుబ్బూస్‌లోకి చీజే పప్పు, చీజే కూర.
పిల్లల ఫతాయర్లకి తురిమిన హలూమీలో
గిన్నె అంచుకి అంటుకున్నది నా వాటా.
రాత్రి పదకొండింటికి అంట్లు తోమాక
ఫ్రిజ్ వెలుగులో నిలబడి తినేదాన్ని.
ఉప్పగా, మెత్తగా,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది.

పెద్దమ్మాయి దానా.
దానా అంటే వాళ్ళకి పెద్ద ముత్యం.
మా వైపు దాణా అంటే గేదెలకి పెట్టేదంటే
వారం రోజులు నవ్వింది.
చదువు ముగించుకొచ్చి ఓ రోజు ప్రకటించింది:
ఇక పాలు లేవు, గుడ్డు లేదు, తేనె కూడా లేదు.
దానికో పేరుంది, వీగన్.
నాలుగు దీనార్లు పోసి ఒక డబ్బా తెచ్చింది.
"పాలు లేని చీజ్, సాతీ. రుచి చూడు."

వేళ్ళు ముందు గుర్తుపట్టాయి, నాలుక తర్వాత.
జీడిపప్పు.
మోరిలో ఆరేళ్ళు పిక్కలు కొట్టాను.
బూడిద పూసుకున్నా జీడి ఊరుకోదు,
పెళ్ళిచూపుల్లో గుప్పిళ్ళు మూసుకునే కూచున్నాను.
గుండుకో లెక్క, బద్దకో లెక్క,
ఒకటి నోట్లో వేసుకుంటే కూలిలో కోత.
"బాగుంది" అన్నాను దానాతో.
మింగడానికి నీళ్ళు కావలసొచ్చాయి.

చలికాలం శుక్రవారాలు కబ్ద్‌లో వాళ్ళ పశువుల దొడ్డికి.
కాపరి ముజీబుల్, సిల్హెట్ వాడు.
ఈనిన మేక పొదుక్కి గుడ్డసంచి కట్టాడు
పిల్ల తాగేయకుండా.
సంచి మీద ఏదో బియ్యం కంపెనీ ఏనుగు.
పిల్ల ఆ ఏనుగుని చీకుతోంది.

పొయ్యి మీద అతనేదో తిప్పుతున్నాడు,
వాసనకే తెలిసిపోయింది, జున్ను.
మా పేటలో జున్నుపాల గిన్నె ఇంటింటికీ వెళ్ళేది,
కడగకుండా తిరిగివ్వాలి,
కడిగితే గేదె ఎండిపోతుందనేవారు.
దూడ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.
"తిను ఆపా" అని చెంచా ఇచ్చాడు.
తిన్నాను.
అబద్ధమెందుకు, మారు కూడా వేయించుకున్నాను.
అటు ఏనుగు మొత్తం తడిసిపోయింది.

మర్నాడు రాత్రి
ఎర్రదారం కొస దొరికింది. లాగలేదు.

అక్కడితో అయిపోయిందనుకోకండి.
నాలుగో రోజు హలూమీ వేయిస్తుంటే
నోట్లో ఊరిన నీళ్ళు నా మాట వినలేదు.
కొడుకు ఫీజు, కట్టని గోడ, వడ్డీ,
కల్లోకి రావలసినవి ఇన్ని ఉండగా
వచ్చింది చీజు!
"పిచ్చిదానా" అని నన్ను నేనే తిట్టుకుంటే
"నన్నేనా?" అంటూ దానా తొంగిచూసింది.

మూడో నెలకి ఆ పిల్ల పిజ్జా దగ్గరికి తిరిగొచ్చింది.
తప్పు పట్టను,
తురిమిచ్చింది నేనే.
జీడి డబ్బా ఖాళీ అయితే అడిగి తీసుకున్నాను,
శనగలు నానబెట్టుకోడానికి.

పదకొండయింది.
శనగలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ పిండి.
ఇది నిలబడి తినేది కాదు,
రసం మోచేతి దాకా కారుతుంది.
దీపం వేసి, కుర్చీ లాక్కున్నాను.
పదకొండేళ్ళలో ఈ వంటింట్లో
కుర్చీ ఎంత ఎత్తుంటుందో
ఇవాళే తెలిసింది.