బొట్టుబిళ్ల కింద

కారు కొన్న నాలుగు నెలలకు చూసిన,
స్పీడు ముల్లు పక్కన
నల్లటి బొట్టుబిళ్ల ఒకటి అంటించి ఉన్నది.

ఏనుమాముల మార్కెట్ల మిర్చి దలాలి దగ్గర కొన్న బండి.
సీట్ల సందులల్ల ఇంకా ఘాటు.
ఏసీ వేస్తే చాలు
ఎక్కినోళ్లంతా ఒక తుమ్ము బాకీ తీర్చి కూర్చుంటరు.

గోటితో గీకితే బిళ్ల ఊడొచ్చింది.
దాని కింద పసుప్పచ్చగ, చిన్న ఇంజిను బొమ్మ,
వెలుగుతనే ఉన్నది.

ఎన్నాళ్ల సంది వెలుగుతున్నవే,
నోరు మూసి కూసోబెట్టిన దానివి?

నక్కలగుట్ట సిగ్నల్ కాడ బండి వణికింది,
చలిజ్వరం వచ్చిన పిల్ల తీరు.
బంకుల పిలగాడు "మూత గట్టిగ తిప్పు అక్కా, పోతది" అన్నడు.
తిప్పిన. పోలే.
మా ఆడబిడ్డ పెనిమిటి
"అది అందరి బండ్లల్ల ఉంటది" అన్నడు.
నా తలనొప్పిని గూడ
ఆడోళ్లందరికి ఉండేదే అని
ఇట్లనే పక్కకు వెట్టిండ్రు ఒకసారి.

ఆటోనగర్‌ల ఓదెలు షెడ్డు.
స్టీరింగు కిందికి చెయ్యి పోనిచ్చి
అరచేతిల పట్టేంత డబ్బా తగిలించిండు.
తెర మీద ఒక అక్షరం, నాలుగు అంకెలు:
పీ, సున్నా, ఒకటి, ఏడు, ఒకటి.

"గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అంటున్నది."
"అంటే ఏం ఖరాబైనట్టు?"
"అది చెప్పది. ఎక్కడ నొస్తున్నదో చెప్తది.
ఎందుకు నొస్తున్నదో మనమే ఎతుక్కోవాలె."

నేను ఎంజీఎం ఎదురుంగ ల్యాబుల పనిచేస్త.
రోజుకు నలభై మంది చేతుల్ల అంకెలు పెడ్త.
"ఏమొచ్చింది బిడ్డా?" అంటరు
కాయితం తలకిందులుగ పట్టుకొని.
"డాక్టరుకు చూపియ్యండి" అంట.
ఆ మాట ఇవతల నిలబడి వింటే
ఇంత చల్లగుంటదని తెల్వదు.

"తుడిపెయ్యమంటవా? ఒక్క బటనే.
అమ్మేటోళ్లు అదే చేపిస్తరు.
నీకు అమ్మినాయిన ఆ ఖర్చు గూడ దండుగ అనుకున్నడు,
బొట్టు వెట్టి సాగనంపిండు."

వద్దన్న. బానెట్ లేపిండు.
గాలి ఫిల్టరు డబ్బా మూత విప్పితే
లోపల పత్తి.
పిడికెడు పత్తి, ఎండు మిరపగింజలు,
మార్కెటు తక్‌పట్టీ ముక్క,
నడుమల చిన్న గుంత.
వేలు పెట్టి చూసిన. వెచ్చగ ఉన్నది.
ఇంజినుదో, ఎలుకదో.

చీటీ మీద తూకం కనబడ్తున్నది:
మూడు క్వింటాళ్ల నలభై.
రైతు పేరు ఎలుక తిన్నది.

డబ్బా వెనుక రబ్బరు గొట్టం కొరికి
గింజంత చిల్లు చేసింది.
అండ్లకెల్లి లెక్కల్ల లేని గాలి
లోపలికి పోతున్నది ఇన్నాళ్లు.

గొట్టానికి మూడు వందల ఎనభై, చేతికూలి రెండు వందలు.
గూడు పారేస్తడనుకున్న.
మూలకున్న పాత టైరు లోపల పెట్టిండు ఓదెలు,
నేను చూస్తలేననుకొని.

"ఇగ తాళం తిప్పు."
తిప్పిన.
దీపాలన్నీ ఒక్కపారే వెలిగినయి.
అదీ వెలిగింది.
నా పానం జారింది.
"ఆగు, ఆగు. బండి చాలు చెయ్యి."
ఇంజిను అందుకున్నది. అది ఆరింది.

చేతులు గుడ్డకు తుడుసుకుంట అన్నడు:
"తాళం తిప్పంగనే అది ఒక్క తూరి వెలగాలె అక్కా.
వెలగని నాడు భయపడు."

బిళ్ల నా పర్సుల, అద్దం వెనుక ఉన్నది.
దలాలి ఇంటామెది కావచ్చు,
డబ్బిలకెల్లి ఒకటి తగ్గిందని
ఆమె ఎతికిందో లేదో.

ఇప్పుడు పొద్దున ఆలస్యమైతున్నా
తాళం సగం తిప్పి ఆగుత.
పసుప్పచ్చగ ఒక్క చూపు చూస్తది.
ఉన్నవా, అంట.
అప్పుడు బండి చాలు చేస్త.