గ్యాప్ సర్టిఫికెట్

ముత్తుకూరు మీసేవలో
నా బొటనవేలు పడలేదు.
"ఇంకోసారి పెట్టక్కా, గట్టిగా అదుము" అన్నాడు జిలానీ.
అదిమాను.
చూపుడువేలు. మధ్యవేలు. ఎడంచెయ్యి.
చున్నీకి తుడిచి మళ్ళీ.
గాజుపలక కింద ఎర్రదీపం వెలిగి, ఆరి,
నేనెవరో తనకి తెలీదంది.

ఆరేళ్ళుగా ఐసులో రొయ్య వలిచిన వేళ్ళివి.
తల తుంచడం, పెంకు ఒలవడం,
వీపు చీల్చి నల్లనరం లాగడం,
క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచడం,
ట్రే నిండితే ఒక టోకెను.
గీతలు ఏ ట్రేలో జారిపోయాయో
చూసుకోలేదు.

చివరికి మిషను కంట్లోకి చూసింది.
కన్ను ఒప్పుకుంది.
మానికల అంకమ్మ, తండ్రి పెంచలయ్య,
ఎస్టీ యానాది,
బీఎస్సీ, గూడూరు, సెకండ్ క్లాసు.
కోరిన కోర్సు: ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ.
"రెండో ఆప్షన్ కూడా పెట్టుకో అక్కా, ఎందుకైనా మంచిది.
తెలుగు? సోషల్ వర్కు?"
వద్దబ్బయా.

పక్క టేబులు సరోజ నిన్ననే అడిగింది,
"అంత చదివి మళ్ళీ రొయ్యల దగ్గరికేనా మే?"
ఇంకా జవాబు దొరకలేదు.

ఫీజు కట్టాక ఒక కాగితం తక్కువయింది.
డిగ్రీకీ దీనికీ మధ్య ఖాళీ ఉండాది కదా,
దానికి గ్యాప్ సర్టిఫికెట్ కావాలంట.

నెల్లూరు కోర్టు గోడ పక్కన
గొడుగు కింద టైపు మిషను, వెనక దశరథయ్య.
స్టాంపు పేపరుతో కలిపి రెండొందలు.
నా పేరు తప్ప ఇంకేమీ అడగలేదు.
మిగతాదంతా ఆయన వేళ్ళకి కంఠతా:
"సదరు కాలమందు నేను
ఎట్టి చదువునూ చదివియుండలేదని
ఇందుమూలముగా ప్రమాణపూర్వకముగా..."

ఆగండి, అన్నాను.
మిషను ఆగింది.
పక్కన ఎవరో విడాకుల కాగితం
నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటున్నాడు.

ఏమని చెప్పేది ఈయనకి?
కళ్ళు మూసుకుని గుప్పిట పడితే
ముప్పై కౌంటో నలభై కౌంటో చెప్తాననా?
మెత్తపెంకు రొయ్యలు ఎక్కువొస్తే
క్యాలెండరు చూడకుండానే
అమావాస్యో పున్నమో తెలుస్తుందనా?
చిప్ప మీద తెల్లమచ్చ
ఆవగింజలో సగమున్నప్పుడే పట్టి చూపిస్తే
"నీ పని నువ్వు చూసుకో" అన్న సూపర్‌వైజరు
వారం తిరక్కుండా ఆ గుంటా, దాని పక్క గుంటా పోయాక
నా టేబులు వైపు రావడం మానేశాడనా?
మా నాయన
ఉప్పుటేటి బురదలో బొరియ అంచు తడి చూసి
లోపల పీత ఎటు తిరిగి ఉందో చెప్పేవాడు.
ఎందుకట్లా అంటే
"అదంతే" అనేవాడు.
ఆ అదంతే దగ్గరే
నేను ఫారం నింపాను.

దశరథయ్య కళ్ళద్దాలు నుదుటికెత్తాడు.
"ఏం మే, చదివావా ఈ మధ్యలో?
చదివితే సర్టిఫికెట్ చూపించు."

చున్నీ కింద చేతులు కదిలాయి.
బయటికి తియ్యలేదు.
"లేదు. కొట్టండి."

కొట్టాడు.
చదివియుండలేదు అన్నచోట
లే సగమే పడింది.
రిబ్బను అరిగినట్టుంది.

నా సంతకం చూసి కూడా, అలవాటేమో,
ఇంకుప్యాడు ముందుకి తోశాడు.
వేశాను.
నీలంగా, నున్నగా, ఒక గుండ్రటి మచ్చ.
"కదిలించావు, అలుక్కుపోయింది" అని విసుక్కున్నాడు.
నేను కదిలించలేదు.

కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని
ముత్తుకూరు బస్సెక్కాను.
కవరు కూడా రొయ్య వాసనే.
రాత్రి షిఫ్టుకి ఇంకా టైముంది.
బొటనవేలికి అంటిన ఈ నీలం
ఐసులో ఎన్నో ట్రే దగ్గర పోతుందో,
కొసన ముందు పోతుందో, గోరు పక్కనో,
ఇవాళ లెక్కపెట్టాలి.