గోమారి సాచ్చెం

గాజుబుడ్డిల పుట్టినవట నువ్వు.
నీ తల్లికి జబ్బు లేదట, నీకూ లేదట.
గొర్రె వాసన ఎరుగవు,
వానకు తడిసిన ఉన్ని ఎట్లుంటదో తెల్వదు.
నా మోచేతి కింద
మూతపెట్టిన చిన్న గిన్నెల
ఇరవై మంది అక్కచెల్లెండ్లతోటి
ఆకలిగొని కూసున్నవు,
గసగసాల గింజంత.

"నాలుగొద్దులు గోకొద్దు ఓదెమ్మా" అన్నది డాక్టరమ్మ.
కాయితం మీద ఏలిముద్ర ఏయించుకున్నది.
నాకు నవ్వొచ్చింది.
యాభై ఏండ్లసంది ఈ ఏళ్లు చేసిన పని ఒక్కటే:
పొట్టేలు చెవుల దూరి
మీ తాతముత్తాతల నడుము పట్టి
తిప్పి గుంజుడు,
బండ మీద వెట్టి గోరుతోటి నొక్కుడు.
టప్పుమని సప్పుడైతే
మా అత్త "పోయింది పీడ" అనేది.

ఇయ్యాల అదే చెయ్యి చాపి
తాగు బిడ్డా అంటున్న.

మూడేండ్ల కింద
మందను తోలుకొని తాడ్వాయి దిక్కు పోయినం.
గడ్డి మోకాలెత్తు.
తొడ ఎనుక ఏం కుట్టిందో సూడలే.
పదొద్దులకు
కడెమంత గుండ్రం లేసింది,
నడుమ తెల్లగ, అంచు ఎర్రగ.
తామర అని రేగొండ ఆరెంపీ పూత ఇచ్చిండు.
జరమొచ్చింది. మోకాలు గుమ్మడికాయైంది.
హన్మకొండ పోయినంక దానికో పేరున్నదని తెలిసింది,
నా నోరు తిరగని పేరు.
ఇరవయ్యొక్క దినాలు గోలీలు మింగిన.
గుండ్రం పోయింది.
నొప్పి పోలే.

రక్తం తీసిన్రు. మల్ల తీసిన్రు.
కాయితం మీద ఏం లేదని వచ్చింది.
మా మరిది అది సదివి
"ఏం లేదట వదినా, లేసి దొడ్డి ఊడ్వు" అన్నడు.
కోడలు గాలి సోకిందని
ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసింది.
అవి ఘాటు రాలేదని మూడొద్దులు చెప్పుకున్నరు.
రాత్రంత మోకాలు నాతోటి మాట్లాడేది.
పొద్దుగాల ఆ మాట నేను చెప్తే
ఎవ్వలు నమ్మకపోదురు.

గందుకే నిన్ను పిలిచిన్రు.
సూదికి దొరకంది నీ నోటికి దొరుకుతదేమోనట.
నెత్తుట్ల యాడనో దాక్కున్నది
నువ్వు తాగుతుంటె నీ దిక్కు నడిసొస్తదేమోనట,
తల్లి అరుపు ఇన్న గొర్రెపిల్ల లెక్క.

మూడో రాత్రి
ములుగు రోడ్డు మీద లారీలు పోతున్నయి.
వార్డుల ఫ్యాను కిర్రుమంటున్నది.
పక్క మంచం ఆమె, గిన్నెల ఏమున్నదో తెలిసినకాన్నుంచి,
మొఖం గోడ దిక్కే తిప్పుకొని పంటున్నది.
చెయ్యి కింద సన్నగ సిటసిట.
ఎవ్వలతోటి చెప్పుకోలేని నా ముచ్చట
నీ కడుపుల నిండుతున్నది.

ఐదో పొద్దు నర్సు చిమటతోటి
మిమ్ముల ఒక్కొక్కటిగ ఏరి లెక్కవెట్టింది.
ఇరవైయొకటి.
ఒకటి కుట్టనే లేదు,
ఉపాసముండి సచ్చింది.
దానికి నేను నచ్చలేదేమో.

నెల్లాల్లకు మల్ల పిలిచిన్రు.
ఇరవైల ఒక్కదాంట్ల ఆనవాలున్నదట.
"బతికున్నదో, సచ్చినదాని తునకనో
చెప్పలేం ఓదెమ్మా" అన్నది డాక్టరమ్మ,
తప్పు తనదే అన్నట్టు.
దొడ్డి పక్క తోడేలు అడుగు పడితె
అది పోయిందా, పొద సాటుకు పొంచున్నదా
అడుగు చెప్తదా అమ్మా?
అడుగైతే ఉన్నది గద.
ఓదెమ్మ అబద్ధమాడలేదని
ఆ కాయితం మీద రాసియ్యి,
మా మరిదికి సదవనొస్తది.

లేసి రాబోతూ అడిగిన:
నా మాట మోసిన ఆ ఒక్కటి యాడున్నది?
ఆమె కొంచెంసేపు నా దిక్కు సూసింది.
నూరినమన్నది.
నూరితెనే కనపడ్తదట.

సందెల గొర్లు మల్లినంక
నల్లమచ్చల పొట్టేలు చెవి మడిచి సూసిన.
శెనగగింజంత బలిసిన గోమారి.
ఏలు ఆగింది,
జరసేపే.
పొట్టేలుకైతే
నేను తప్ప సాచ్చెం ఎవ్వలున్నరు.
గుంజి బండ మీద వెట్టిన.

టప్పుమన్నది.
మా అత్త మాట నోటిదాకొచ్చింది.
అనలే.