టికెట్ లేని ప్రయాణికులు

పోర్తోలో, నది వైపు కిటికీ ఉన్న లైబ్రరీలో
మూడో కంప్యూటరు బెల్మీరోది.
ముప్పై ఒక్క ఏళ్లు ట్రాములో కండక్టరు.
రోజూ పదింటికి వచ్చి
మరణవార్తలు చదువుతాడు.

నిన్న ఎవరిదో పేరు సగమే కనిపించింది,
"అవెలీ..." అని.
మిగతా సగం మీద
మోకాళ్ల నొప్పుల తైలం వచ్చి కూర్చుంది.
దాన్ని మూస్తే వెనకనుంచి విహారాల ఓడ.
ఓడని మూయబోతే తెరుచుకుంది, పాటతో సహా.
చదువుకునేవాళ్లంతా తలలెత్తారు.
"పోయింది అవెలీనోనా, అవెలీనానా?
ఈ ఓడ చెప్పదేం?" అన్నాడు నాతో.

ప్రకటనలకు అడ్డుకట్ట వేశాను. రెండు నిమిషాల పని.
మూలన చిన్న ఎర్ర డాలు,
దాని మీద ఓ అంకె.
పేజీ తేటపడింది.
పోయింది అవెలీనో.
చేపల బజారు దగ్గర ఎక్కేవాడట,
ఏనాడూ చిల్లర ఉండేది కాదట.

బెల్మీరో ఇంకా అంకెనే చూస్తున్నాడు.
నలభై ఏడు.
"ఒక్క పేజీలో ఇంతమందిని దించేసిందా?
నా సర్వీసంతా కలిపినా ఇంతమంది లేరు.
వానలో అయితే ఒక్కణ్ణీ దించలేదు."

కాసేపాగి, గొంతు తగ్గించి అడిగాడు:
పేజీ అడుగున కదలకుండా మెదలకుండా
ఒకటి ఉండేది,
గొడుగులు బాగుచేసే అతనిది,
దాన్నీ దించేశామా అని.

వెతికి, దాన్నొక్కదాన్నీ మళ్లీ ఎక్కించాను.
నలభై ఆరు.

అతని బొటనవేలూ చూపుడువేలూ
గాల్లో ఒకసారి కలిసి విడిపోయాయి,
టికెట్టుకు చిల్లు పెట్టినట్టు.